ఐదు వేల చుట్ల పనితనం

పాత గిబ్సన్ హమ్‌బకర్ పికప్‌ను బోర్లా తిప్పితే అడుగున చిన్న నల్ల స్టిక్కర్, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని కనిపిస్తుంది. 1957 నుంచి 1962 ప్రాంతం దాకా తయారైన ఆ పికప్‌లనే గిటారిస్టులు పీఏఎఫ్ అంటారు. ఈరోజు గిటార్‌కు కొత్త హమ్‌బకర్ వేయించాలనుకునేవారు ఎంచుకునేది చాలావరకు వాటి వారసుల్లో ఒకదాన్నే. కాబట్టి ఏది కొనాలని అడిగే ముందు ఆ పికప్ లోపల జరిగిన పనిని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. చూస్తే ఎంపిక తేలికవుతుంది, చేసినవాళ్ల మీద గౌరవమూ పెరుగుతుంది.

పికప్ చేసే పని చెప్పడానికి చిన్నదే. అయస్కాంతం పైనున్న ఉక్కు తీగను కాస్త అయస్కాంతంగా మారుస్తుంది. తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది. క్షేత్రం కదిలితే చుట్టూ ఉన్న రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. చిక్కు ఎక్కడంటే, ఆ చుట్ట గిటార్ తీగతో పాటు ఇంటి కరెంటునూ వింటుంది. ట్యూబ్‌లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్లు పుట్టించే క్షేత్రం మన దగ్గర 50 హెర్ట్జ్, అమెరికాలో 60 హెర్ట్జ్ రొదగా యాంప్‌లోకి చేరుతుంది.

మిషిగన్‌లోని కలమజూలో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్‌కు యాంప్లిఫయర్లలో ఇలాంటి రొదను అణిచే చోక్ కాయిళ్లు ముందే తెలుసు. అదే ఉపాయాన్ని ఆయన గిటార్‌కు తెచ్చారు. ఒక చుట్టకు బదులు రెండు పెట్టారు. రెండో చుట్టలో అయస్కాంత ధ్రువాన్ని తిప్పేశారు, కరెంటు దారినీ తిప్పేశారు. తీగ ధ్వని రెండుసార్లు తిరగబడి యథాస్థితికి వచ్చి కలుస్తుంది. బయటి రొదకు అయస్కాంతంతో సంబంధం లేదు కాబట్టి ఒక్కసారే తిరగబడి, రెండు చుట్టల్లోనూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఈ జంట చుట్టల పికప్పే హమ్‌బకర్. దానికి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. 1959లో మంజూరైంది.

మూత తీసి చూద్దాం. అడుగున నికెల్ సిల్వర్ పలక. దాని మీద పక్కపక్కన రెండు ప్లాస్టిక్ బాబిన్లు. ఒకదానిలో ఆరు స్క్రూలు, రెండోదానిలో ఆరు ఉక్కు ముక్కలు. రెండింటి నడుమ కింద పడుకోబెట్టిన అయస్కాంతపు కడ్డీ. బాబిన్ ఒక పక్కకు ఒరగకుండా చిన్న మేపుల్ చెక్క ముక్క. ప్రతిదానికీ కారణం ఉంది. మూతను ఇత్తడితో చేస్తే అందులో పుట్టే సుడి ప్రవాహాలు ట్రెబుల్‌ను మింగేస్తాయి. నికెల్ సిల్వర్ కరెంటును అంత తేలిగ్గా పోనివ్వదు కాబట్టి నష్టం తక్కువ, పైగా దానికి సాల్డరింగ్ బాగా అతుక్కుంటుంది. లవర్ పేటెంట్ బొమ్మలో స్క్రూలు లేవు. వాటిని కోరింది అమ్మకాల విభాగం. అవే ఈరోజు హమ్‌బకర్ గుర్తుగా మిగిలాయి.

అసలు పనితనం చుట్టడంలో ఉంది. ఊళ్లో బోరు మోటారు కాలిపోతే వైండింగ్ షాపులో ఎనామిల్ పూత వేసిన రాగి వైరుతో కొత్తగా చుట్టించడం మనకు తెలుసు. ఇక్కడా అదే జాతి వైరు. కాకపోతే మందం దాదాపు 0.063 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. వైండర్లు దీన్ని 42 గేజ్ అంటారు. పీఏఎఫ్‌లో ఒక్కో బాబిన్‌కు సుమారు 5,000 చుట్లు. రెండూ కలిపి విప్పితే దాదాపు ఒకటిన్నర కిలోమీటరు వైరు. గట్టిగా లాగితే తెగుతుంది. వదులుగా వదిలితే చుట్టలు వణికి, వాల్యూమ్ పెంచినప్పుడు పికప్ కీచుమంటుంది. ఆ కీచు ఆపడానికే ఇప్పుడు చాలామంది తయారీదారులు చుట్టను పారాఫిన్, తేనెమైనం కరిగించిన మిశ్రమంలో ముంచుతారు. పాత పీఏఎఫ్‌లకు మైనం పట్టించలేదు.

అప్పటి కలమజూ వైండింగ్ యంత్రాల మీద చుట్ల లెక్క అన్నిసార్లూ ఒకేలా ఆగేది కాదు. ఒక బాబిన్‌లో కొన్ని చుట్లు ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. అయస్కాంతం కూడా ఆ పూటకు దొరికిన రకం. అందుకే ఏ రెండు పీఏఎఫ్‌లూ ఒకేలా మోగవు. రెండు చుట్టలూ సరిసమానం కాకపోతే కొన్ని పై స్వరాలు రద్దు కాకుండా బతికిపోతాయి, శబ్దానికి స్పష్టత వస్తుంది. నేటి మంచి వైండర్లు ఆ తేడాను లెక్క కట్టి మరీ పెడుతున్నారు. ఇంకో గిటార్ కంపెనీ ఫెండర్ చేసే ఒంటి చుట్ట పికప్‌ల, అంటే సింగిల్ కాయిళ్ల వెనకా ఇలాంటి చేతులే ఉన్నాయి. 1956లో చేరి 2013 దాకా అక్కడే పికప్‌లు చుట్టిన అబిగైల్ యబార్రా వేళ్ల మధ్య నుంచి వైరు జారే తీరే ఆ చుట్టకు స్వభావమైంది. ఆమె పొట్టి సంతకమున్న పికప్‌ల కోసం గిటారిస్టులు వెతుక్కున్నారు.

గిటార్ కొన్నాక వేరే పికప్ తెచ్చి వేసుకునే పద్ధతికి బజారు తెరిచింది న్యూయార్క్‌కు చెందిన లారీ డిమార్జియో. 1972లో ఆయన తెచ్చిన సూపర్ డిస్టార్షన్‌లో సిరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు. వాల్వ్ యాంప్‌ను తొందరగా ఓవర్‌డ్రైవ్‌లోకి నెట్టడం దాని లక్ష్యం. ఇంకో దారి సేమోర్ డంకన్‌ది. కుర్రవాడిగా ఉన్నప్పుడు తన ఫెండర్ టెలికాస్టర్ గిటార్ పికప్ పాడైతే దాన్ని రికార్డ్ ప్లేయర్ మీద తిప్పుతూ తానే చుట్టుకున్నాడు. లండన్‌లో పనిచేసేటప్పుడు దెబ్బతిన్న రెండు పీఏఎఫ్‌లను మళ్లీ చుట్టి, ఒక టెలికాస్టర్‌లో బిగించి గిటారిస్టు జెఫ్ బెక్‌కు ఇచ్చాడు. 1975 నాటి ‘బ్లో బై బ్లో’ ఆల్బమ్‌లో ఆ గిటార్ వినిపిస్తుంది. బ్రిడ్జ్ దగ్గరి చుట్టే జేబీ మోడల్ అయింది. పాత చుట్టను విప్పి, వైరు మందం కొలిచి, చుట్ల లెక్క రాసుకుని, చేసినవారి ఆలోచనను తిరిగి పట్టుకోవడం ఆయన పద్ధతి. తర్వాతి కాలంలో సెత్ లవర్‌తోనే కలిసి కూర్చుని లవర్ పేరుతో ఒక పికప్ తయారుచేశారు.

కొనేవాడూ తన గిటార్‌ను అలాగే చదవాలి. ముందు యాంప్ లేకుండా వాయించి చెవి పెట్టండి. చెక్కే మందంగా పలుకుతుంటే ఏ పికప్పూ దాన్ని గాజులా మార్చదు. తర్వాత పికప్ ఎత్తు మార్చి చూడండి. స్క్రూడ్రైవర్ తప్ప ఖర్చు లేదు. మొత్తం రొదే సమస్య అయితే ఇంటి ప్లగ్గుకు ఎర్త్ ఉందో లేదో చూడాలి. ఎర్త్ లేని రొదను హమ్‌బకర్ తీర్చలేదు. ఇవన్నీ అయ్యాక కూడా లోటు మిగిలితే, ఆ లోటు ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, అప్పుడు కొనాలి.

డబ్బా మీద ముందు కనబడే అంకె రెసిస్టెన్స్. పీఏఎఫ్ రకాలకు 7.5 నుంచి 9 కిలో ఓమ్‌లు, జేబీకి సుమారు 16. అంత మాత్రాన జేబీ రెట్టింపు గట్టిగా మోగదు. దానిలో వైరు ఇంకా సన్నం, సన్నని వైరుకు రెసిస్టెన్స్ సహజంగానే ఎక్కువ. కాబట్టి ఈ అంకెను ఒకే గేజ్ వైరున్న పికప్‌ల మధ్యే పోల్చాలి. ఎక్కువ చెప్పేది ఇండక్టెన్స్. అది పెరిగేకొద్దీ ట్రెబుల్ శిఖరం కిందికి దిగి మధ్య స్వరాలు నిండుతాయి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ సింగిల్ కాయిల్ రెండు, రెండున్నర హెన్రీల దగ్గర ఉంటే పాత తరహా హమ్‌బకర్ నాలుగైదు హెన్రీల దగ్గర ఉంటుంది. అయస్కాంతం విషయానికొస్తే, ఆల్నికో 2 మీటును మెత్తగా అందిస్తుంది, ఆల్నికో 5 బేస్‌ను బిగించి పై స్వరాలకు మెరుపు ఇస్తుంది.

స్వరాన్ని లాగి, వంచి, నిలబెట్టే సంగీతానికి ఈ మెత్తదనం, నిలుపు ప్రాణం. పాలకొల్లులో పుట్టిన కర్ణాటక సంగీత విద్వాంసుడు యు. శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్ వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాక గమకం ఆ వాద్యంలో పూర్తిగా వినబడింది. చిన్న మీటుతో మొదలైన స్వరం వేలు జారినంతసేపూ బతికి ఉండేలా చేసింది పికప్, యాంప్‌లే.

ఇక బిగింపు. ఆరు స్క్రూల వెడల్పు గిబ్సన్ తరహాలో 49, 50 మిల్లీమీటర్లు, ఫెండర్ తరహా బ్రిడ్జ్‌కు 51 నుంచి 53. కొలిచి తీసుకోండి. హమ్‌బకర్‌కు 500కే, సింగిల్ కాయిల్‌కు 250కే వాల్యూమ్ పాట్‌లు మామూలు. 250కే పాట్ వేస్తే హమ్‌బకర్ పై స్వరాలు మందగిస్తాయి. పాత వైర్లు విప్పేముందు ఫొటో తీసుకోండి. నాలుగు వైర్ల రంగులు కంపెనీకో తీరు. డంకన్‌లో నలుపు సిగ్నల్, ఆకుపచ్చ గ్రౌండ్, ఎరుపూ తెలుపూ ఒకదానికొకటి. డిమార్జియోలో ఎరుపు సిగ్నల్, ఆకుపచ్చ గ్రౌండ్, నలుపూ తెలుపూ ఒకదానికొకటి.

గ్రౌండ్ వైరు పాట్ వీపు మీద అతకాలి. అక్కడ లోహం ఎక్కువ, వేడిని లాగేసుకుంటుంది. సాల్డరింగ్ ఐరన్ సన్న మొనను నిమిషాలకొద్దీ పెడితే పాట్ లోపలి ట్రాక్ కాలిపోతుంది. వీపును ఉప్పుకాగితంతో కాస్త గీకి, వెడల్పు మొనతో కొద్ది సెకన్లు వేడి పట్టించి, లెడ్‌ను ఐరన్‌కు కాకుండా పాట్‌కు తాకించాలి. అది తడిలా పాకి మెరిస్తే అతుకు పడింది. బూడిద రంగు ఉండలా నిలిచిందంటే మళ్లీ చేయాలి.

రెండు పికప్‌లూ కలిపి వాయిస్తే శబ్దం పలచబడిందంటే ఫేజ్ తిరగబడింది. ముల్లున్న మల్టీమీటర్ పెట్టి, స్క్రూల మీద స్క్రూడ్రైవర్ ఆనించి పైకి లాగితే ముల్లు ఒక వైపు ఎగురుతుంది. రెండు పికప్‌లకూ ఒకే వైపు ఎగరాలి. చివరి ఫ్రెట్ నొక్కి లావు తీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద ఒకటిన్నర నుంచి మొదలుపెట్టి చెవితో సరిచేసుకోవాలి.

తీసేసిన పికప్ వైర్లను పొట్టిగా కత్తిరించకండి. స్టిక్కర్ చెరపకండి. ఏ గిటార్‌లోంచి, ఏ చోటునుంచి తీశారో రాసి దాచండి. చెడిపోయిన పికప్‌లను కొందరు పారేయకుండా ఉంచబట్టే డంకన్ వాటిని విప్పి నేర్చుకోగలిగాడు. మీరు దాచింది కూడా రేపు ఒక వైండర్‌కు పాఠం అవుతుంది.