ఎవరింటికొచ్చేవమ్మా?

తెలుగులో యాత్రాసాహిత్యం తక్కువేమీ కాదు. కాశీ ఉంది, కాశ్మీరం ఉంది, లండనూ అమెరికా ఉన్నాయి. హిమాలయాలకి వెళ్ళొచ్చినవాళ్ళు ఎంతమందో లెక్కే లేదు. కానీ విశాఖపట్నంలో బస్సెక్కితే రెండు గంటల్లో దిగిపోగలిగే చోడవరం లాంటి చిన్న ఊరికి, అక్కడ చుట్టాలెవరూ లేకపోయినా, ఏ పనీ లేకపోయినా, ఊరికే చూడ్డానికని ఒక స్త్రీ వెళ్ళి, చూసి, వచ్చి రాసింది ఏదైనా ఉందా అని వెతుక్కుంటే చేతికి చిక్కేవి చాలా తక్కువ. ఇది కేవలం రాయకపోవడం వల్ల వచ్చిన లోటేనా, లేక వెళ్ళనివ్వకపోవడం వల్ల వచ్చిందా అన్నది నా ప్రశ్న.

చిన్న ఊరు మన సాహిత్యంలోకి ఎక్కువగా 'మా ఊరు' అనే దారిలోనే వచ్చింది. అది బాల్యం గుర్తుకొచ్చిన మగవాడి ఊరు. చెరువుగట్టు, మామిడితోట, రచ్చబండ, రెండో ఆట సినిమా చూసి చీకట్లో నడిచొచ్చిన దారి. ఆ చీకటి దారి అతని చెల్లెలికి లేదు. పెళ్ళైన మర్నాటి నుంచీ ఆమెకి అది 'మా ఊరు' కూడా కాదు, పుట్టిల్లు. ఇంకో ఊరికి ఆమె కోడలిగా వెళ్తుంది, లేకపోతే టీచరమ్మగానో నర్సమ్మగానో బదిలీ మీద వెళ్తుంది. ప్రతి ఊళ్ళోనూ ఆమెకొక ఇల్లో ఆఫీసో ముందే సిద్ధంగా ఉంటుంది. ఏ ఇల్లూ లేని ఊరికి ఆమె వెళ్ళిందంటే అక్కడ దేవుడైనా ఉండాలి.

మన తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటైన 'కాశీయాత్ర చరిత్ర'నే తీసుకుందాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. దార్లో చూసినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి రాశాడు. 1838లో అవి పుస్తకంగా వచ్చాయి. ఏ ఊళ్ళో బావి ఉంది, ఏ సత్రంలో దిగొచ్చు, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, ఏ నది దాటడం ఎలా - ఇవన్నీ ఎంత శ్రద్ధగా రాశాడో చదివితే గౌరవం కలుగుతుంది. తిరుగు ప్రయాణంలో మన ఉత్తరాంధ్ర మీదుగానే వెళ్ళాడు. ఆయన వెంట ఇంట్లోవాళ్ళూ బంధుమిత్రులూ బోయీలూ కలిసి దాదాపు నూరుమంది ఉన్నారు. ఆ నూరుమందిలో ఆడవాళ్ళు కూడా అదే ఎండలో అవే నదులు దాటారు. వాళ్ళు ఆ ఊళ్ళని ఎలా చూశారు? ఏ రేవులో స్నానం చేశారు, చుట్టూ ఎవరున్నారు, నెలసరి వచ్చినప్పుడు పల్లకీ ఆగిందా, నడిచిందా? ఇవి ఆ పుస్తకాన్ని అడగాల్సిన ప్రశ్నలు కావనే విమర్శకులున్నారు. బావి ఎక్కడుందో చెప్పడం సాహిత్యమైనప్పుడు ఇదెందుకు కాదో నాకు అర్థం కాదు.

స్త్రీలు అసలు రాయలేదనడానికీ లేదు. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు వెళ్ళొచ్చి తెలుగులో రాసుకున్నది ఇంగ్లీషులోకి మారి 1876లో మద్రాసులో పుస్తకమయింది. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాశారు. ఆ తర్వాత అమెరికా యాత్రలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి. చిత్రమేమిటంటే దూరం పెరిగేకొద్దీ స్త్రీకి యాత్ర సులభమవుతుంది. సముద్రం దాటి వెళ్ళినావిడ గొప్పది, ఆవిణ్ణి ఊరంతా కూర్చోబెట్టి కబుర్లు అడుగుతుంది. యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళో ఒంటరిగా బస్సు దిగిన స్త్రీకి మాత్రం ఏదో అయిందనుకుంటారు. ఇంట్లో గొడవపడి వచ్చేసిందా, ఎవర్ని వెతుక్కుంటూ వచ్చింది, పాపం.

రాహుల్ సాంకృత్యాయన్ దేశదిమ్మరుల కోసం రాసిన పుస్తకం తెలుగులో 'లోకసంచారి'గా చాలామంది చదివిందే. అందులో స్త్రీల గురించి ఒక అధ్యాయం కేటాయించి మరీ, ఇల్లు వదిలి తిరగమని ఆయన ప్రోత్సహించాడు. అందుకు ఆయనకి రుణపడి ఉండాలి. అయితే స్త్రీలకి వేరే అధ్యాయం అవసరమైందంటేనే మిగతా అధ్యాయాల్లో తిరుగుతున్నది ఎవరో తెలుస్తోంది కదా! మన ప్రొఫెసర్ ఆదినారాయణ కాలినడకన తిరిగి రాసిన 'భ్రమణకాంక్ష' నాకు ఇష్టమైన పుస్తకం. ఆయన లోకంలోని స్త్రీ యాత్రికుల గురించి కూడా పుస్తకం రాశారు. కానీ చీకటిపడితే గుడి అరుగు మీదో బడి వరండాలోనో నడుం వాల్చగలగడం పాదచారుల రాతల్లో ఒక వాక్యం. నాకది ఒక జీవితకాలపు కోరిక.

కిందటి కార్తీకంలో చోడవరం వెళ్ళాను. రాష్ట్రంలో చోడవరాలు ఒకటి కంటే ఎక్కువున్నాయి. గోదావరి మన్యంలో ఉన్నది రంపచోడవరం. ఇది చెరకు చోడవరం. విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. స్వయంభూ వినాయకుడి గుడి ఉంది. విగ్రహం సగం భూమిలోనే ఉందనీ, తొండం కొస కోనేటిదాకా సాగిందనీ చెప్తారు. గోవాడలో సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉంది, ఈమధ్య దాని పేరు పేపర్లో కనిపిస్తే రైతుల బకాయిల సంగతే. ఊరి చుట్టూ చెరకు. గాలికి పడిపోకుండా నాలుగు మొక్కల్ని చేరదీసి ఆకులతోనే మెలేసి కడతారు, దాన్ని ఇక్కడ జడచుట్టు అంటారు. మైళ్ళ పొడవునా జడలు వేసుకుని నిలబడ్డ తోట. మాడుగుల హల్వా గురించి కూడా రాయాలని ఉంది గానీ, గోధుమపాలు దగ్గరికి కాచే ఆ పని గురించి రాయడం మొదలుపెడితే ఈ వ్యాసం ఇంక ఏటిదాకా రాదు.

ఏరంటే శారదా నది. తూర్పు కనుమల్లో పుట్టి, పెద్దేరు, బొడ్డేరు, తాచేరు లాంటి ఏళ్ళని కలుపుకుని, సుమారు 122 కిలోమీటర్లు ప్రవహించి, అనకాపల్లి మీదుగా సముద్రంలో కలుస్తుంది. చోడవరం నడిమధ్య నుంచి పారదు, ఊరికి కాస్త ఎడంగా వెళ్తుంది. ఆటో దిగి ఒడ్డున నిలబడ్డాను. బట్టలుతుక్కుంటున్న ఒక పెద్దావిడ తలెత్తి చూసి అడిగింది.

"ఎవరింటికొచ్చేవమ్మా?"

"ఎవరింటికీ కాదమ్మా, ఏరు చూద్దామని వచ్చేను."

"చూడ్డానికి ఏటుంది? నీరే కదా," అని ఆవిడ ఇంకో చీర ఝాడించింది. ఏ ఊరని అడిగింది. విశాఖపట్నం అన్నాను. "అయితే ఇక్కడికొచ్చి చూడ్డమెందుకు? పైన రైవాడలో కట్టీసి మీకే కదా పంపిస్తన్నారు. మీకు పోగా మిగిలిందే ఇది."

ఇంతకంటే పదునైన యాత్రాసాహిత్య విమర్శ నేను చదవలేదు. శారద మీద దేవరాపల్లి దగ్గర కట్టిన రైవాడ జలాశయం నుంచి విశాఖ నగరానికి తాగునీరు వెళ్తుంది. ఆ నీళ్ళు పూర్తిగా సాగుకే ఇమ్మని ఇక్కడి రైతులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. యాత్రికుడు ఎప్పుడూ కొత్తగా చూస్తున్నట్టు రాస్తాడు, తనకీ ఆ చోటుకీ అంతకుముందు ఏ సంబంధమూ లేనట్టు. 'ప్రశాంతమైన నదీతీరం, కడవలతో పల్లెపడుచులు' అని రాసే ప్రతి కలమూ ముందు తన ఇంటి కొళాయి ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోవాలి. ఈ విషయంలో స్త్రీలు రాసిన యాత్రలకి మినహాయింపేమీ లేదు. పల్లెలో కష్టపడే ఆడవాళ్ళని చూసి కళ్ళు చెమర్చడం మన యాత్రారచనల్లో ఒక అలవాటైపోయింది. మగ యాత్రికుడికి ఆమె అందమైన దృశ్యం, మనకి ఆమె బాధాకరమైన దృశ్యం. రెండింటిలోనూ ఆవిడ మనల్ని చూసి ఏమనుకుందో ఉండదు.

ఏటి ఒడ్డు అనగానే మన కథల్లో స్త్రీకి పనులు కొన్నే ఉన్నాయి. నీళ్ళు తేవాలి, బట్టలుతకాలి, కార్తీక స్నానం చేసి దీపం వదలాలి. ఇవి కాకపోతే ప్రియుడి కోసం రావాలి, లేదా చావడానికి రావాలి. చలం 'మైదానం'లో రాజేశ్వరికి ఏరు దొరికింది, కొండలు దొరికాయి, కానీ ఒక మగవాడితో లేచివచ్చిన తర్వాతే. ఒక్కతీ వచ్చి, కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయే స్త్రీకి కథలో చోటు లేదు. ఏమీ జరగదు కాబట్టి అది కథ కాదంటారు కాబోలు. వర్జీనియా వుల్ఫ్ 1929లో అచ్చయిన తన వ్యాసంలో ఏటి ఒడ్డున కూర్చుని ఆలోచిస్తుంది. ఆలోచన చేపపిల్లలా గాలానికి తగిలి, ఆ ఉత్సాహంలో లేచి పచ్చిక మీద నడవగానే విశ్వవిద్యాలయపు బంట్రోతు వచ్చి అదిలిస్తాడు. చేప జారిపోతుంది. మన ఊళ్ళలో బంట్రోతు ఉద్యోగానికి ప్రత్యేకంగా ఎవర్నీ పెట్టక్కర్లేదు. ఆటో అతను, టీకొట్టు దగ్గర నిలబడ్డ నలుగురు, గట్టు మీద ఫోను పట్టుకున్న కుర్రాడు తలా కాస్తా ఆ పని చేస్తారు.

అయితే 'ఎవరింటికొచ్చేవమ్మా' అన్న ప్రశ్నని బంట్రోతు అదిలింపుతో ఒకే గాటన కట్టలేను. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబయి స్త్రీల గురించి 2011లో రాసిన 'వై లాయిటర్' పుస్తకం, పనిలేకుండా బయట తిరిగే హక్కు స్త్రీకి కావాలని చాలా బలంగా చెప్పింది. మహానగరంలో నువ్వెవరో ఎవరికీ తెలియదు, ఆ తెలియకపోవడంలోంచే ఆ హక్కు పుడుతుంది. చోడవరంలో తెలియకుండా ఉండడం కుదరదు. ఇక్కడ ప్రశ్న అడగడమంటే కాపలా కాయడమూ, కాపాడడమూ రెండూను. నన్నడిగిన ఆవిడ గొంతులో అనుమానం లేదు. ఎవరింటికీ రాలేదంటే మధ్యాహ్నం అన్నం ఎక్కడ తింటుందీ పిల్ల అనే బెంగ ఉంది. అదే ప్రశ్న టీకొట్టు దగ్గర వినబడినప్పుడు గొంతు వేరు.

ఆ ప్రశ్న అక్కడితో ఆగదు కూడా. ఎవరింటికి అన్న తర్వాత ఇంటిపేరు, తర్వాత నెమ్మదిగా "మీరేవిట్లు?" అని వస్తుంది. మన ఆతిథ్యపు అసలు ద్వారం అది. స్త్రీల యాత్రారచనల్లో నాకు అన్నిటికంటే అసహనం కలిగించేది ఈ చోటే. ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఎవరో పిలిచి కుర్చీ వేసి మజ్జిగిచ్చారనీ, పల్లెల్లో మానవత్వం ఇంకా బతికే ఉందనీ రాస్తారు. ఆ కుర్చీ ఇంటిపేరుకి వేశారని రాయరు. అదే వీధిలో అదే ఎండలో దళిత స్త్రీ నడిస్తే ఆ మజ్జిగ ఏ గ్లాసులో వచ్చేదో, అసలు వచ్చేదో లేదో ఆలోచించరు. గోగు శ్యామల, జూపాక సుభద్ర లాంటి రచయితలు ఊరిని చూపించినప్పుడు ఏటి రేవుకి కూడా ఎగువా దిగువా ఉన్నాయని తెలుస్తుంది. యాత్రికురాలికి అన్ని రేవులూ తెరిచే ఉంటాయన్న భ్రమని వాళ్ళ కథలు పక్కన పెట్టుకుని చదివితే గానీ వదిలించుకోలేం.

ఇంకొక సంగతి, మర్యాద కాదని ఎవరూ రాయనిది. మగవాళ్ళ యాత్రల్లో ఎక్కడ ఏం తిన్నారో, ఏం తాగారో ఉంటుంది. స్త్రీ ప్రయాణం ఏమీ తాగకపోవడంతో మొదలవుతుంది. పొద్దున్న బయల్దేరే ముందు అర గ్లాసు నీళ్ళు, దారంతా పెదాలు తడుపుకోవడం, సాయంత్రం ఇంటికొచ్చాక గడగడా తాగడం. చిన్న ఊళ్ళలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం ఎంత కష్టమో తిరిగిన ప్రతి స్త్రీకీ తెలుసు. తాళం వేసుందని ఒకచోట, నీళ్ళు రావని ఒకచోట. వీరాస్వామయ్య బావులు లెక్కపెట్టినంత శ్రద్ధగా మనలో ఎవరైనా ఇవి లెక్కపెట్టి రాస్తే అది గొప్ప యాత్రాగ్రంథమవుతుంది. హాస్యానికి అనడం లేదు. ఒక నదిని చూడ్డానికి వెళ్ళి రోజంతా దాహంతో ఉండడం గురించి రాయకుండా ఆ నది అందం గురించి రాయడం నాకు చేతకాదు.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకి టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచే ఉంది. దీనివల్ల ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని ఎన్ని జోకులు వేశారో వినే ఉంటారు. ఆ జోకుల్లో ఉన్న భయం గమనించదగ్గది. డబ్బులు ఖర్చయినందుకు కాదు, ఆమె పనీపాటా లేకుండా ఉన్నందుకు. నేనెక్కిన బస్సులో నూకాలమ్మ గుడికి వెళ్ళొస్తున్నవాళ్ళున్నారు, ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళున్నారు, కూలికి వెళ్ళొస్తున్నవాళ్ళున్నారు. నా పక్కన కూర్చున్న ఇద్దరు తోడికోడళ్ళు మాత్రం పొద్దున్నే అనకాపల్లి వెళ్ళారట. ఏం పని మీద అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పనేటీ లేదండి. ఊరికినే, ఎలాగుంటాదో చూసొద్దామని," అంది చిన్నావిడ. ఏం చూశారంటే బజారూ, రైల్వేస్టేషనూ, బెల్లం దిమ్మలూ అని వేళ్ళు మడిచి చెప్పింది. స్టేషన్లో బెంచీ మీద గంటసేపు కూర్చున్నారట, వచ్చే రైళ్ళనీ పోయే రైళ్ళనీ చూస్తూ. ఇంట్లో మాత్రం గుడికని చెప్పారు. కండక్టరు ఇచ్చిన రెండు సున్నా టిక్కెట్లు పెద్దావిడ మడిచి రవికెలో దోపుకుంది.