వినికిడి నరానికి మేత

పిలిస్తే పిల్ల పలకడం లేదంటే అమలాపురం, రాజోలు వైపు ఇళ్ళల్లో ముందుగా వినబడే మాట ఒకటుంది: "వాళ్ళ నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి." మేనరికాలు బాగా నడిచిన ప్రాంతంలో పుట్టుచెవుడు వింత కాదు. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని కాక్లియర్ ఇంప్లాంటు సంగతి పల్లెలకూ తెలిసింది. ఆ పరికరాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది అంతగా పేరు రాని మరో పనితనం గురించి. పరికరం పంపే కబురు అందుకోవడానికి లోపల నరం బతికుండాలి కదా, దాన్ని బతికించే ప్రయత్నం అది.

లోపలి చెవిలో కాక్లియా నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. చాపి పరిస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. కీచు శబ్దాలకు మొదలు, బొంగురు శబ్దాలకు కొస, మధ్యలో ప్రతి స్థాయికీ దాని చోటు దానికే. శబ్దాన్ని పట్టే లోపలి రోమకణాలు 3500 దాకా, వాటి కబురు మెదడుకు మోసే నాడీకణాలు 30 వేల పైచిలుకు. పుట్టుచెవుడులో ఎక్కువగా దెబ్బతినేవి రోమకణాలే. 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం అమర్చిన బహుళ ఎలక్ట్రోడ్ల ఇంప్లాంటు ఆ కణాలను దాటేసి నేరుగా నరాన్నే తట్టింది.

చిక్కు ఇక్కడే ఉంది. రోమకణాలు, వాటిని అంటిపెట్టుకున్న కణాలు నరానికి కబురుతో పాటు మేత కూడా అందిస్తాయి. బీడీఎన్‌ఎఫ్, ఎన్‌టీ-3 అనే ప్రొటీన్లే ఆ మేత. అది ఆగితే కాలవ నీరు అందని శివారు చేనులా నరం కొద్దికొద్దిగా ఎండిపోతుంది. నరాలను పెంచే ఇలాంటి పదార్థాల్లో మొదటిదాన్ని కనిపెట్టినందుకు రీటా లెవీ-మాంటల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. చెవి నరం ముఖ్యంగా ఆధారపడేది మాత్రం ఆ కుటుంబంలోనే తర్వాత దొరికిన ఈ రెండింటి మీద.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పట్రీషియా లీక్ బృందం చేసిన పని చూడండి. పిల్లికూనలకు కళ్ళలాగే చెవులు కూడా పుట్టిన కొన్నాళ్ళకు గానీ తెరుచుకోవు. ఆ లోపే నియోమైసిన్ ఇచ్చి వాటి వినికిడి పోగొట్టారు. చదవడానికే మనసొప్పని సంగతి, కానీ పుట్టుచెవుడుకు దగ్గరి నమూనా అది. నాలుగైదు వారాల వయసులో ఒక చెవిలోనే ఇంప్లాంటు పెట్టి, దానితో పాటు బీడీఎన్‌ఎఫ్‌ను మందుగా పంపారు. రెండో చెవిని అలాగే వదిలేశారు, అదే పోలిక. తల్లీ తిండీ వయసూ అన్నీ ఒకటే కాబట్టి తేడా వస్తే అది చికిత్స వల్లే.

మందు పంపిన తీరు ఇంకా ముచ్చటైనది. చర్మం కింద చిన్న గొట్టంలాంటి పంపు, దానికి బ్యాటరీ లేదు. పైపొరలోని ఉప్పు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది, ఆ ఉబ్బుకు లోపలి సంచి నొక్కుకుపోయి మందు బయటికొస్తుంది. అదీ గంటకు పావు మైక్రోలీటరు చొప్పున 10 వారాలు. మొత్తం కలిపినా అర మిల్లీలీటరు కాదు!

బీడీఎన్‌ఎఫ్ అందిన చెవిలో నాడీకణాలు ఎక్కువ మిగిలాయి, పుష్టిగానూ ఉన్నాయి. తక్కువ కరెంటుకే నరం స్పందించింది. 2011లో ఈ ఫలితాలు ప్రకటించినప్పుడు వాళ్ళు చెడ్డ వార్తనూ దాచలేదు. మేత ఎక్కువై కొన్ని నరాల రెమ్మలు తమ చోటు వదిలి అడ్డదిడ్డంగా పాకాయి. కీచుకో చోటు, బొంగురుకో చోటు అన్న లెక్క మీదే ఇంప్లాంటు నడుస్తుంది కాబట్టి ఇది చిన్న లోపం కాదు. నాకు ఈ బృందం మీద గౌరవం కలిగింది ఇక్కడే. గెలుపును కొలిచిన శ్రద్ధతోనే నష్టాన్నీ కొలిచారు, దాన్ని పట్టుకునే ముందుకెళ్ళారు. పంపు మానేసి, ప్రొటీన్ తయారుచేసే జన్యువునే నిరపాయకరమైన వైరస్ ద్వారా చెవిలోకి పంపారు. 2019లో ప్రకటించిన పనిలో బీడీఎన్‌ఎఫ్ జన్యువును, జీడీఎన్‌ఎఫ్ అనే మరో నరపోషక ప్రొటీన్ జన్యువును పోల్చి చూశారు. జీడీఎన్‌ఎఫ్ ఇచ్చినచోట రెమ్మలు మళ్ళీ దారి తప్పాయి, బీడీఎన్‌ఎఫ్ ఇచ్చినచోట ఆ బెడద లేకుండానే నరం నిలిచింది.

సిడ్నీలో గ్యారీ హౌస్లీ బృందానిది మరో ఎత్తు. ఇంప్లాంటు ఎలక్ట్రోడ్లతోనే చిన్న విద్యుత్ తాకిడి ఇచ్చి గినీపందుల చెవి కణాల్లోకి బీడీఎన్‌ఎఫ్ జన్యువును ఎక్కించారు, 2014లో. వినిపించే తీగతోనే మేత కూడా పెట్టించడమన్నమాట.

ఇవేవీ ఇంకా మన ఆసుపత్రుల్లో దొరికే వైద్యం కాదు. దొరికేదాకా నరాన్ని కాపాడుకునే మార్గం త్వరపడటమే. పుట్టిన బిడ్డకు నిద్రలోనే ఓఏఈ పరీక్ష చేయవచ్చు, అనుమానం మిగిలితే బెరా పరీక్ష ఉంది. ఇంప్లాంటుకు రాష్ట్ర వైద్య సేవ పథకం, కేంద్రం వారి ఆడిప్ పథకం సాయం చేస్తాయి, అయితే రెండింటికీ వయసు పరిమితి ఉంది. పిల్ల చప్పుడుకు తిరిగి చూడకపోతే మాటలొచ్చేదాకా ఆగకండి. ఈ వారమే ఆశా కార్యకర్తను అడిగి పరీక్ష చేయించండి.