సూదీ, తలపాగా, గుడ్డూ

స్తూపాల గురించి తెలుగులో రాసేటప్పుడు డోమ్, రైలింగ్, క్రాస్‌బార్ అని కానిచ్చేస్తుంటాం. పాత మాటలు పండితులవనీ, పాఠకుడికి కొరుకుడు పడవనీ మన భయం. వాటిని విప్పి చూస్తే ఆ భయం నిలవదు. డోమ్‌కు పాత పేరు అండం, అంటే గుడ్డు; క్రాస్‌బార్‌కు సూచి, అంటే సూది; ఉష్ణీషం అంటే తలపాగా, ఛత్రం గొడుగు. అన్నీ ఇంట్లో వాడుకునేవే. క్రాస్‌బార్ అంటే రాయి ఎక్కడుందో తెలుస్తుంది గానీ, అక్కడ అది చేస్తున్న పని తెలియదు.

సూచినే తీసుకోండి. స్తూపం చుట్టూ నిలబెట్టిన కంబాల పక్కల్లో మూడేసి బెజ్జాలు తొలిచి ఉంటాయి. నిలువుగా పెట్టిన కన్నులా, మధ్య వెడల్పు, రెండు కొనలూ సన్నం. అడ్డరాయి అంచుల్నీ అదే కొలతకు చెక్కి, ఈ కంబంలోంచి ఆ కంబంలోకి దూరుస్తారు. ఈ కూర్పంతటి మీదా పరిచిన బరువైన రాయే తలపాగా. (మన సూదికే బెజ్జం ఉంటుంది, ఇక్కడ బెజ్జం కంబానిది.) నిజానికి ఇలా దూర్చి అతకడం రాతిపనివాడి పద్ధతి కాదు, వడ్రంగిది. కర్ర కంచెనే రాతిలోకి దించారని కళాచరిత్రకారులు అనడానికి ముఖ్యమైన ఆధారం ఈ అతుకే. ఆ అతుకును సూచి అన్న మాట చూపించినట్టు క్రాస్‌బార్ చూపించదు.

ఈ పేర్లు తర్వాతి శిల్పశాస్త్రాల్లోంచి ఆధునిక పరిశోధకులు తెచ్చి అతికించినవే కదా అనవచ్చు. గుడుల విషయంలో అందులో కొంత నిజముంది. ఉత్తరాదిలో శిఖరమంటే గర్భగుడి మీది కట్టడమంతా. దక్షిణాది గ్రంథాల్లో కలశం కింది గుమ్మటం మాత్రమే. మన వాడుకలోనైతే ఎత్తుగా కనబడేదల్లా గోపురమే. 1834లో లండన్‌లో అచ్చయిన, హిందూ వాస్తు మీది తన గ్రంథం కోసం రామ్‌రాజ్ శిల్పశాస్త్రాలు తిరగేస్తే సరిపోలేదు, పనివాళ్లనూ అడగాల్సి వచ్చింది. స్తూపాల దగ్గర మాత్రం జవాబు రాతి మీదే ఉంది. 1873లో పురావస్తు పరిశోధకుడు కన్నింగ్‌హామ్ కనుగొన్న భర్హుత్ స్తూపం కంచె అడ్డరాళ్ల మీద, దాతల పేర్ల వెంట ‘సూచి దానం’ అని ప్రాకృతంలో చెక్కి ఉంది. డబ్బిచ్చిన భిక్షుణికీ, గృహస్థుకీ తామిచ్చిన రాయి పేరు తెలుసన్నమాట. క్రీ.శ. 3వ శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యం (పెద్ద స్తూపం) అరుగుల మీద నిలిపిన ఆయక స్తంభాలపై చెక్కిన మాట ‘ఖంభ’. మన నోట అది కంబం.

వేదిక దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గుతాను. ఆ కంచెకు అసలు పేరు అదే. కానీ ఇవాళ వేదిక అనగానే మైకూ, దండలూ, ముఖ్య అతిథీ కళ్లముందుకొస్తారు. రాతి కంచె అనడమే మేలు. అయితే అది మేకల్ని ఆపే కంచె కాదని ఒక్క ముక్క కలపాలి. ప్రదక్షిణ దారి దానికి లోపలివైపునే ఉంది. అమరావతిలో కథలు చెప్పే చెక్కడాలు ఎక్కువగా ఉన్నదీ, నడిచేవాళ్లకు కనబడే ఆ లోపలి ముఖం మీదే.