టేల్‌స్పిన్: జంతు స్నేహంలో భయం స్థానం

చిన్నయసూరి 'నీతిచంద్రిక'లోని మిత్రలాభాన్ని గుర్తు చేసుకోండి. వలలోని పావురాలను ఎలుక విడిపించడం చూసి కాకి చెలిమి కోరుతుంది. తనను తినగల కాకిని ఎలుక వెంటనే నమ్మదు. ఆ భయాన్ని దాటి కుదిరింది కాబట్టే వాటి స్నేహానికి విలువ.

డిస్నీ కార్టూన్ ధారావాహిక 'టేల్‌స్పిన్' 1990లో అమెరికాలో మొదలైంది. దూరదర్శన్ హిందీలో ప్రసారం చేయగా మన బషీర్‌బాగ్, నారాయణగూడ పిల్లలూ చూశారు. కిప్లింగ్ 'జంగిల్ బుక్' (1894)లో మోగ్లీకి అడవి ధర్మం నేర్పిన బాలూ ఎలుగుబంటి ఇందులో విమానం నడుపుతాడు. షేర్‌ఖాన్ పులి సూటు వేసుకున్న కోటీశ్వరుడు.

ఇక్కడ ఎవరూ ఎవరినీ తినరు. మరి భయం పోయిందా? లేదు, రూపం మార్చుకుంది. బాలూ బ్యాంకు బాకీ కట్టలేకపోతాడు. రెబెక్కా అతని విమానాన్ని కొని, అతణ్ణే పనిలో పెట్టుకుంటుంది. బద్ధకస్తుడైన పైలట్‌కూ లెక్కలు చూసే యజమానురాలికీ మధ్య రాపిడే హాస్యానికి మూలం. క్రమంగా అదే ఆత్మీయత అవుతుంది.

జీవనోపాధి భయాన్ని పిల్లలకు దాచకుండా నవ్వుతో చెప్పడం దీని గుణం. జంతు స్వభావం వేషానికే పరిమితం కావడం లోపం: బాలూను మనిషిగా గీసినా కథ పెద్దగా మారదు.

అభ్యాసం: మీరెరిగిన మరో జంతు కథలో స్నేహం ఏ భయాన్ని దాటుతుందో వివరించండి.