కింద పడటానికీ ఓ లెక్కుంది

జారిపడే మనిషి, మొహాన పగిలే కేకు, లాఠీ ఊపుతూ తరిమే పోలీసులు: మూకీల కాలం నాటి పొట్టి హాస్యచిత్రాలంటే చాలామందికి గుర్తొచ్చేవి ఇవే. పిల్లల్ని కాసేపు నవ్వించడానికి తప్ప ఎందుకూ కొరగాని కోతిచేష్టలని వాటిని తీసిపారేసేవాళ్లకూ కొదవ లేదు. కానీ 1912లో మాక్ సెనెట్ కీస్టోన్ కంపెనీ మొదలైనప్పటి నుంచి 1920ల చివర్లో టాకీలు వచ్చేదాకా అమెరికాలో ఒకటి రెండు రీళ్లలో తయారైన ఈ చిత్రాల్లో మేలైనవాటిని నిదానంగా చూస్తే, సినిమా కళలోకెల్లా కఠినమైన క్రమశిక్షణ వాటిలోనే కనిపిస్తుంది. అక్కడ నవ్వు పుట్టేది పడటంలోంచి కాదు, పడకముందు వేసిన లెక్కలోంచి. దేనివల్ల ఏం జరిగిందో ఒక్క మాటైనా లేకుండా కళ్లెదుట రుజువు చేయడమే ఈ కళకున్న అసలు బలం.

బస్టర్ కీటన్ 1920లో తీసిన రెండు రీళ్ల ‘వన్ వీక్’ ఇందుకు మంచి సాక్ష్యం. కొత్త దంపతులకు పెట్టెల్లో సర్దిన విడిభాగాల ఇల్లు కానుకగా వస్తుంది. పెట్టెల మీద వేసిన నంబర్ల వరుసలో బిగించుకుంటే ఇల్లు సిద్ధం. పెళ్లికూతురు కాదన్న మనిషొకడు కడుపుమంటతో ఆ నంబర్లు మార్చేస్తాడు. ఇక జరగబోయే ప్రతి అనర్థానికీ మూలమేమిటో మనకు ముందే తెలుసు, పాపం వాళ్లకే తెలియదు. ఇల్లు అష్టవంకర్లతో లేస్తుంది, గాలివానకు గిరగిరా తిరుగుతుంది. చివరికి దాన్ని వేరే స్థలానికి లాక్కెళుతుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుపోతుంది. రైలు దూసుకొస్తుంది. అది ఏ పట్టాల మీద వస్తోందో కెమెరా నిలబెట్టిన చోటు నుంచి మనం తేల్చుకోలేం. అందుకే, అది పక్క పట్టాల మీదుగా వెళ్లిపోగానే ఆ జంటతోపాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం. సరిగ్గా ఆ క్షణాన ఎదురుదిక్కు నుంచి మరో రైలొచ్చి ఇంటిని నుగ్గు చేస్తుంది. కెమెరా ఒక్క అడుగు పక్కకు జరిగినా, రెండో రైలు ఒక్క క్షణం ఆలస్యమైనా ఈ నవ్వు చచ్చిపోతుంది. ముఖాల్ని దగ్గరగా చూపించాలన్న ఆత్రం కూడా కీటన్‌కు లేదు. మనిషి, ఇల్లు, రైలు ఒకే ఫ్రేములో నిండుగా ఉండాలి. అప్పుడే ప్రేక్షకుడు ఆ సంఘటనకు సాక్షి అవుతాడు.

లెక్క యంత్రాలకూ కట్టడాలకూ మాత్రమే పరిమితం కాదు, చేతివేళ్లలోనూ ఉంటుంది. చార్లీ చాప్లిన్ 1916లో తీసిన ‘ది పాన్‌షాప్’లో ఒకాయన అలారం గడియారాన్ని తాకట్టు పెట్టడానికి తెస్తాడు. చాప్లిన్ దానికి స్టెతస్కోపు ఆనించి గుండె చప్పుడు వింటాడు. ఆ వెంటనే అది రోగి కాస్తా రేకుడబ్బా అయిపోతుంది, డబ్బా మూత కోసే పరికరంతో దాని వీపు తెరుస్తాడు. లోపలివన్నీ ఊడబీకి, ఆ ముక్కల్ని ఆ పెద్దమనిషి టోపీలోకే ఊడ్చి, ఇది మాకొద్దని తల అడ్డంగా ఊపుతాడు. ఇంత విధ్వంసంలోనూ ఆయన ముఖంలో వృత్తినిపుణుడి గాంభీర్యం చెదరదు. ఇలాంటివన్నీ అప్పటికప్పుడు తోచిన చేష్టలని అనుకోవచ్చు. చాప్లిన్ పక్కన పెట్టేసిన ఫిల్ము ముక్కల్ని వెలికితీసి కెవిన్ బ్రౌన్‌లో, డేవిడ్ గిల్ 1983లో రూపొందించిన ‘అన్‌నోన్ చాప్లిన్’ చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ‘ది ఇమ్మిగ్రెంట్’ (1917) మొదట ఒక కేఫ్ కథగా మొదలైంది, ఓడ ప్రయాణం తర్వాత చేరింది. తీసి చూసి, చాలదనుకుని మళ్లీ తీస్తూ ఆయన కెమెరాతోనే ఆలోచించాడు.

ఎదుటివాడు దెబ్బ తింటే నవ్వడం క్రూరత్వం కాదా అన్న అభ్యంతరం గట్టిదే. లారెల్, హార్డీల ‘బిగ్ బిజినెస్’ (1929) దానికి జవాబు చెబుతుంది. క్రిస్మస్ చెట్లమ్మే ఈ ఇద్దరూ ఒక ఇంటి యజమానితో తగవు పడి అతని ఇల్లు పాడు చేస్తుంటారు, అతను వాళ్ల కారును ముక్కలు చేస్తుంటాడు. ఒకరు విరగ్గొడుతుంటే మరొకరు అడ్డుపడకుండా నిలబడి, తన వంతు కోసం ఎదురుచూస్తారు. ఈ నిదానం వల్ల మన దృష్టి దెబ్బ మీద కంటే పంతం మీద నిలుస్తుంది. మనం నవ్వేది మనిషి మూర్ఖపు పట్టుదలను చూసి. అలాగని ఈ సంప్రదాయాన్ని మచ్చలేనిదిగా చూపడం న్యాయం కాదు. నల్లజాతివారిని అవమానించే వెకిలి వేషాలు ఆ చిత్రాల్లో చాలాచోట్ల ఉన్నాయి, వాటిని సమర్థించలేం. 1919లో ఉత్తుత్తి బాంబనుకున్నది నిజంగా పేలి హెరాల్డ్ లాయిడ్ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోగొట్టుకున్నాడు. మేలైన చిత్రాల గొప్పతనం ఒప్పుకోవడానికి ఈ నిజాల్ని దాచాల్సిన పనిలేదు.

అదంతా కెమెరా మాయ అన్నది మరో వాదన. హ్యాండిల్ నెమ్మదిగా తిప్పి చిత్రీకరించి, తెర మీద వేగంగా ఆడించిన మాట నిజం. అయితే వేగం ఒక్కటే నవ్వు పుట్టించదు. అలా పరుగులు పెట్టిన చిత్రాలు వందలొచ్చి కనుమరుగయ్యాయి. ‘వన్ వీక్’ ఇంటిని గుద్దింది నిజమైన రైలే. తెలుగు దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1987లో ‘పుష్పక విమానం’ తీసేనాటికి మాటలు వచ్చి అర్ధశతాబ్దం దాటింది. అయినా సంభాషణల్లేని ఆ సినిమా ప్రేక్షకుల్ని కడుపుబ్బ నవ్వించింది. కారణానికీ ఫలితానికీ మధ్య ముడిని చూపుతో విప్పుకోగలిగిన ప్రతిచోటా ఈ హాస్యం బతుకుతుందనడానికి అదే దాఖలా. డైలాగుల జోరుతో, నేపథ్య సంగీతం హోరుతో ‘ఇక్కడ నవ్వండి’ అని చెప్పే హాస్యానికి అలవాటుపడ్డ మనకు ఈ పాత రీళ్లు నేర్పేది చాలా ఉంది. అవి ప్రేక్షకుడి తెలివిని నమ్మాయి. కథకుడికి ఆ నమ్మకం, ఆ నమ్మకాన్ని నిలబెట్టుకునేంత శ్రమ రెండూ ఉండాలని నూరేళ్ల తర్వాత కూడా చాటుతున్నాయి. సినిమా నేర్చుకునేవాళ్లు మొట్టమొదట చూడాల్సినవి ఇవే.