కర్రను వంచినవాళ్లు

టుటన్‌ఖామున్ అనగానే అందరికీ ఆ బంగారు ముసుగే గుర్తొస్తుంది. 1922లో పురావస్తు శాస్త్రవేత్త హోవర్డ్ కార్టర్ కనుగొన్న ఆ ఈజిప్టు రాజు సమాధిలో ఆరు రథాలు కూడా దొరికాయంటే చాలామంది ‘అవునా!’ అంటారు. ముందు గదిలో నాలుగు, లోపల ఖజానా అని పిలిచే గదిలో రెండు. ఏ భాగానికా భాగం విడదీసి, చక్రాలు ఊడదీసి, కుప్పగా పేర్చి ఉన్నాయి. లోపలికి వెళ్లే దారి ఇరుకు కావడంతో ఇరుసులు పట్టలేదు. అంత్యక్రియల వాళ్లు వాటిని రంపంతో కోసేశారు. పరలోకంలో రాజుగారు ఎక్కాల్సిన బండి ఇరుసునే కోసేస్తే ఎలా అని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు. వడ్రంగి పక్కనే ఉండి ఉంటే మాత్రం ఊరుకునేవాడు కాడు.

నాకు ఆ వడ్రంగి మీదే ఆసక్తి. చాలా ఏళ్లు మెకానిక్స్ పాఠాలు చెప్పినవాణ్ని కావడంతో రథం బొమ్మ కనిపిస్తే నా చూపు ముందు చక్రం మీదికి పోతుంది. ఈజిప్టు రథచక్రానికి మొదట్లో నాలుగు ఆకులు ఉండేవి, తర్వాత ఆరు స్థిరపడ్డాయి. గొప్పంతా ఆ ఆకుల్ని చేసిన తీరులో ఉంది. మామూలుగా బండి చక్రం చేసేవాళ్లు నడిమి దిమ్మెకు తొర్రలు తొలిచి, ఒక్కో ఆకును అందులోకి దిగ్గొడతారు. ఈజిప్టు వడ్రంగి సన్నటి కర్రను తడితో, వేడితో మెత్తబరిచి నడిమికి వంచాడు. అలాంటివి ఆరు చేసి, వంపులన్నీ చక్రం మధ్యకు, కొసలు బయటికి వచ్చేలా చుట్టూ అమర్చాడు. పక్కపక్కనున్న రెండు వంపుకర్రల వీపులు కలిపి అతికిస్తే ఒక ఆకు తయారు. అంటే ప్రతి ఆకూ రెండు వేర్వేరు కర్రల సగాలే. ఒక ఆకు మీద పడిన దెబ్బను ఇరుగుపొరుగు ఆకులు కూడా పంచుకుంటాయి. కర్రను నరకలేదు, వంచారు. అందుకే దాని నార వంపు వెంబడి తెగకుండా సాగుతుంది, బలమంతా ఆ నారదే. చక్రం మీద పచ్చితోలు తడిగా ఉన్నప్పుడే బిగించి చుట్టేవారు. ఎండేకొద్దీ తోలు ముడుచుకుని చక్రాన్ని పట్టి ఉంచుతుంది. ఇనుప కమ్మి అవసరమే రాలేదు.

నడిమి దిమ్మెను కావాలనే పొడుగ్గా చేశారు. పొట్టిగా ఉంటే, రంధ్రం అరిగిన కొద్దీ చక్రం ఊగులాడుతుంది. ఇరుసు పొడవు కూడా ఎక్కువే. చక్రాలు ఎడంగా ఉండబట్టే వేగంగా మలుపు తిరిగినా బండి బోల్తా కొట్టదు.

తరగతిలో పిల్లల్ని ఒక ప్రశ్న అడిగేవాణ్ని: ఇద్దరు నిలబడే బండికి ఇరుసు ఎక్కడ పెడతారు? ‘మధ్యలో’ అని ముక్తకంఠంతో అనేవారు. ఈజిప్టువాళ్లు వెనక అంచున పెట్టారు. ఇరుసు మధ్యలో ఉంటే ఎక్కినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసినా నొగ పైకి లేస్తుంది, కాడి గుర్రాల మెడల మీదినుంచి లేవబోతుంది. ఇరుసు వెనకకు జరిగితే బరువులో కొంత నొగ మీదికి, దాన్నుంచి కాడి మీదికి వస్తుంది. గుర్రాలకు అదనపు భారం నిజమే కానీ మొత్తం రథమే దాదాపు 35 కిలోలు. ఒక మనిషి ఎత్తి భుజాన పెట్టుకోగలిగినంత.

నిలబడే చోటును పలకలతో కప్పలేదు. చెక్క చట్రానికి పచ్చితోలు పట్టీలతో నవారు మంచం నేసినట్టు నేశారు. రాతి నేల మీద చక్రం ఎగిరిపడితే ఆ కుదుపు చాలావరకు ఆ అల్లికలోనే ఇంకిపోతుంది. నొగ కూడా గట్టి దూలం కాదు, వంచిన కర్రే, అదీ కాస్త లొంగుతుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఇంజినీరు బేలా శాండోర్ 2004లో ఈ రథాల మీద రాసినప్పుడు ఇలాంటివన్నీ కలిపి వాటిని సస్పెన్షన్ ఉన్న వాహనంగా చూశాడు. ఆయన ఉత్సాహం అక్కడక్కడా కాస్త ఎక్కువైందనిపించినా, అసలు మాటతో నేను ఏకీభవిస్తాను. ఇంత మెత్తదనం ఎందుకంటే రథం మీద ఉన్నది విలుకాడు. ఒకడు పగ్గాలు పట్టి తోలుతుంటే రెండోవాడు పరుగులోనే బాణం వేయాలి. కాళ్ల కింద నేల అదిరిపోతుంటే గురి ఎక్కడ కుదురుతుంది?

దీన్ని అచ్చంగా ఈజిప్టు ప్రతిభ అని పొగిడే పుస్తకాలు నాకు రుచించవు. గుర్రమూ రథమూ పశ్చిమాసియా నుంచి వచ్చాయి. అవి ఈజిప్టులో అడుగుపెట్టిన కాలంలోనే నైలు డెల్టాను పశ్చిమాసియా మూలాలున్న హిక్సోస్ రాజులు ఏలారు. ఆ తర్వాత కూడా పశ్చిమాసియాలో రథాలకు కొదవలేదు: క్రీ.పూ. 15వ శతాబ్దంలో అక్కడి మెగిడ్డో యుద్ధంలో ఫారో మూడో థుట్మోస్ శత్రువుల దగ్గర 924 రథాలు పట్టుకున్నట్టు కర్నాక్ గుడి గోడలే చెబుతున్నాయి. చక్రాలకు వాడిన ఎల్మ్ కర్రా, తేమ తగలకుండా పైన చుట్టిన భూర్జపత్రపు బెరడూ కూడా నైలు ఒడ్డున పెరిగేవి కావు. ఊరికాని ఊరు నుంచి వచ్చిన సరుకును, వచ్చిన విద్యను పట్టుకుని ఇంకా తేలిగ్గా, ఇంకా పొందికగా చేయడం వీళ్ల సొంతం. అదేమీ చిన్న పని కాదు.

లోపాలూ ఉన్నాయి. జిగురూ పచ్చితోలూ నీళ్లకు మెత్తబడతాయి. పొడి నేలకు పుట్టిన బండి ఇది. కొండదారిలో దీని గతేమిటో అనస్తాసి ఒకటో పపైరస్ అనే ప్రాచీన ఈజిప్టు రాతప్రతిలో ఒక లేఖకుడు ఎకసెక్కంగా రాశాడు. డాబులు కొట్టే వీరుడి రథం దారిలో దెబ్బతింటుంది, చివరికి యాఫా ఊళ్లో వడ్రంగులూ తోలుపనివాళ్లూ చేరి బాగుచేయాల్సి వస్తుంది. అనస్తాసి మూడో పపైరస్‌లో ఇంకో ఎత్తిపొడుపు ఉంది. సైన్యంలో చేరబోయే కుర్రాడు రథం కొంటాడు, నొగకు 3 దెబెన్లు (అప్పట్లో ధర కట్టే తూకం), రథానికి 5. వెటకారపు రాతే అయినా ఆ లెక్క నాకు సబబుగానే తోస్తుంది. అంత పొడవు కర్రను విరగకుండా వంచడానికి ఆ మాత్రం ఇవ్వాల్సిందే.

టుటన్‌ఖామున్ రథాలు ఇప్పుడు గీజాలోని గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో ఉన్నాయి. అటు వెళ్లే పాఠకులు బంగారు రేకుల్ని ఎలాగూ చూస్తారు. ఒక్క నిమిషం వంగి, ఆకులు దిమ్మెను కలిసే చోటు కూడా చూడండి. ఇటలీ దారి పట్టేవాళ్లు ఫ్లారెన్స్ పురావస్తు మ్యూజియం మాత్రం వదలొద్దు. థీబ్స్ సమాధి నుంచి తెచ్చిన నాలుగు ఆకుల రథం అక్కడుంది. దాని మీద బంగారం లేదు, అందుకే కర్ర పని స్పష్టంగా కనిపిస్తుంది.