ఒక గ్లాసు నీటి ప్రయోజనం: వినియోగదారుని సిద్ధాంత ప్రమేయాలు – ఒక విమర్శ

క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని బోధించే పాఠ్యగ్రంథాలు తరచుగా దాహంతో ఉన్న మనిషిని ఉదాహరణగా తీసుకుంటాయి. మొదటి గ్లాసు నీరు ఇచ్చిన తృప్తిని రెండవది ఇవ్వదు. మూడవది ఇంకా తక్కువ ఇస్తుంది. 1854లో గోసెన్ ప్రతిపాదించిన ఈ సూత్రాన్ని 1890లో మార్షల్ డిమాండ్ విశ్లేషణకు పునాది చేశాడు. సూత్రం సరళమైనదే. దానిని నిలబెట్టే ప్రమేయాలను నెల్లూరు జిల్లా పశ్చిమ మండలాల నీటితో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి ప్రమేయం యూనిట్ల సజాతీయత. పెన్నానదిపై సోమశిల జలాశయం ఉన్న ఆత్మకూరు ప్రాంతంలోనూ, మెట్టప్రాంతమైన ఉదయగిరిలోనూ ‘నీరు’ ఒకే వస్తువు కాదు. ఉదయగిరి పరిసరాల భూగర్భజలాలలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించుతుంది. అయినా బోరు నీరు, క్యాను నీరు చూపుకు ఒకటే.

రెండవది సంపూర్ణ జ్ఞానం. నీటిలోని ఫ్లోరైడ్‌ను రంగు, వాసనలతో గుర్తించలేము. దాని హాని ఏళ్లు గడిచాక దంతాలలో, ఎముకలలో బయటపడుతుంది. దాహం తీరిన క్షణపు తృప్తిని మాత్రమే కొలిచే సిద్ధాంతానికి ఆ హాని కనిపించదు.

మూడవది ద్రవ్యపు ఉపాంత ప్రయోజనం స్థిరమన్నది. పేదవానికి ద్రవ్యపు ఉపాంత ప్రయోజనం ధనికునికంటే అధికమని మార్షలే అంగీకరించాడు. క్యాను ధర అందరికీ ఒకటే కావచ్చు. కూలి దొరకని రోజున దానికోసం వదులుకోవలసినది మాత్రం ఒకటి కాదు.

1934లో హిక్స్, ఆలెన్‌లు తృప్తిని అంకెలలో కొలవవలసిన అవసరాన్ని తొలగించారు. 1938లో శామ్యూల్‌సన్ ఎంపికనే ఆధారంగా తీసుకున్నాడు. కొనగల స్తోమత ఉండీ కొననప్పుడే ఎంపిక అభిరుచిని వెల్లడిస్తుందన్నది ఆయన నియమం. కాబట్టి క్యాను కొనలేని కుటుంబం బోరు నీటిని ‘ఇష్టపడింది’ అనడం ఆ సిద్ధాంతం ప్రకారం కూడా పొరపాటే. కొనగలిగీ బోరు నీరే తాగే కుటుంబం విషయంలో చిక్కు మరొకటి: అక్కడ వెల్లడైనది అభిరుచా, సమాచార లేమా? ఎంపిక ఒక్కటే దీనికి సమాధానం చెప్పలేదు. అభిరుచిగా భావిస్తే, రక్షిత నీటికి డిమాండు లేదన్న తప్పుడు నిర్ణయానికి దారి ఏర్పడుతుంది.

తరగతిలో నీటి గ్లాసు ఉదాహరణను వదులుకోనవసరం లేదు. ఆ నీరు ఎక్కడిది, దానికోసం ఏమి వదులుకున్నారు, తాగేవారికి ఏమి తెలుసు అన్న మూడు ప్రశ్నలను దానితోపాటు అడగవలసి ఉంది.